మార్లవాయి బడిలో గోండి

ప్రతి సంవత్సరం సెప్టెంబర్ 14న కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, చాలా బడుల్లో హిందీ దివస్ జరుగుతుంది. వ్యాసరచన పోటీలు, ఉపన్యాసాలు, బహుమతులు ఉంటాయి. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలూ ఆ పోటీల్లో పాల్గొంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ తేదీతో మనకు ఇంకో సంబంధం కూడా ఉంది. 1949 సెప్టెంబర్ 12, 13, 14 తేదీల్లో రాజ్యాంగ సభ భాషల మీద చర్చించింది. హిందీని కేంద్రానికి అధికార భాషగా ఒప్పుకున్నది ఆ చర్చలోనే. గోండి పేరు సభలో వినిపించింది కూడా ఆ చర్చలోనే. వినిపించింది, అంతటితో పక్కకు పోయింది.

ఆ పేరు ఎత్తిన మనిషి గోండు కాదు. ఛోటానాగ్‌పూర్‌కు చెందిన ముండా ఆదివాసి జైపాల్ సింగ్. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత హాకీ జట్టుకు ఆయనే కెప్టెన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆయన రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడిన గొంతు. షెడ్యూల్లో చేర్చబోతున్న భాషల జాబితాకు ముండారీ, గోండి, ఒరాన్ అనే మూడు ఆదివాసీ భాషలను కలపమని ఆయన సవరణ పెట్టారు. వందల భాషల్లో ఆయన అడిగింది మూడే. సభ ఆ మూడింటినీ ఒప్పుకోలేదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చేసరికి ఎనిమిదో షెడ్యూల్లో 14 భాషలున్నాయి. వాటిలో ఆదివాసీ భాష ఒక్కటీ లేదు. సంస్కృతం ఉంది. 2011 జనగణనలో సంస్కృతం తమ మాతృభాష అని చెప్పుకున్నవారు 24,821 మంది. గోండి అని చెప్పుకున్నవారు 29 లక్షల 84 వేల పైచిలుకు. సంస్కృతం ఆ జాబితాలో ఉండకూడదని మేము అనడం లేదు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం, అంతే.

ఇక్కడ మన టీచర్లు పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట ఒకటుంది. హిందీ మన జాతీయ భాష అని పాఠాల్లో, ఉపన్యాసాల్లో తరచూ వింటాం. రాజ్యాంగం ఆ మాట అనలేదు. 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాష అంది. 351వ అధికరణం హిందీని వ్యాప్తి చేయడం, అభివృద్ధి చేయడం కేంద్రం విధి అంది. 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి అంది. ఈ వాక్యాలను పిల్లల చేత చదివించి, 'విధి' అనే మాట ఎక్కడుందో, 'ప్రయత్నించాలి' అనే మాట ఎక్కడుందో వెతకమనండి. డెబ్బై ఏళ్ల చరిత్ర ఆ రెండు మాటల మధ్య దొరుకుతుంది.

ఢిల్లీ సంగతి అది. మన ఆదిలాబాద్ కథ ఇంకా ముందే మొదలైంది.

చాందా గోండు రాజుల కాలం పోయాక మనల్ని ఏలినవారి భాష ఎప్పుడూ మన భాష కాలేదు. నిజాం రాజ్యంలో మొదట పర్షియన్ నడిచింది, 19వ శతాబ్దం చివరికి దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన కూడా ఉర్దూలోనే. ఆ రాజ్యంలో అప్పుడు తెలుగు మాట్లాడేవారే ఎక్కువ, అయినా తెలుగుకు గౌరవం లేదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ వచ్చింది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో తెచ్చారు. ఈ చరిత్ర మన పిల్లలు తెలుగు పాఠాల్లో చదువుతారు, చదవాలి కూడా. 'మీ భాషకు సాహిత్యం ఎక్కడుంది?' అన్న మాట మనిషిని ఎంత కోస్తుందో తెలుగువాళ్లకు తెలుసు. తర్వాత అదే ప్రశ్నను గోండి పిల్లవాడి ముందు పెట్టినవారిలో తెలుగు చదివినవాళ్లే ఎక్కువ. ఇది దెప్పడానికి చెప్పడం లేదు. భాషకు అధికారం దక్కితే దాన్ని మాట్లాడేవాళ్లు నిన్నటి బాధను ఎంత తొందరగా మరిచిపోతారో గుర్తుంచుకోవడానికి చెబుతున్నాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రజ్ఞుడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఇప్పటి జైనూరు మండలంలోని మార్లవాయిలో ఉన్నారు. ఆ దంపతుల సమాధులు ఈనాటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఆ ఊరే.

భూమి ఎందుకు పోయిందని అడుగుతూ పోతే కారణాల్లో కాగితం కూడా తేలింది. రసీదు, పట్టా, కోర్టు నోటీసు, సావుకారి ఖాతా ఏవీ గోండులు చదవగల భాషలో లేవు. కొన్ని ఉర్దూలో ఉండేవి, కొన్ని మరాఠీలో. అడవి ఆఫీసు జవాను ఏ రాతకు వేలిముద్ర వేయించుకున్నాడో వేసినవాడికి తెలియదు. సాగు చేస్తున్న నేల ఎవరి పేరున ఉందో అది దున్నేవాడికి తెలియదు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ కేంద్రం మొదలైంది ఈ పరిస్థితిలో. గోండి భాషను అద్దాల పెట్టెలో దాచి కాపాడాలని పెట్టిన బడి కాదది. గోండు మనిషి మోసపోకుండా ఉండాలని పెట్టిన బడి. ఈ తేడాను మనం మరిచిపోకూడదు. ఇవాళ భాషా పరిరక్షణ అనగానే పండగ వేషాలు, స్టేజీ మీద పాట, ఒక శాలువా అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు.

ఆ బడి నడిచిన పద్ధతి ఈనాటి టీచర్లకు పనికొస్తుంది. అప్పటికి చదువు వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లకు వచ్చిన ఆ కాస్త చదువూ మరాఠీలో. అందుకే గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు. ఉన్నవాళ్లకు ఏ అక్షరం వస్తే దానితోనే మొదలుపెట్టారు, లిపి కోసం ఏళ్ల తరబడి ఆగలేదు. టీచర్లు బయటి నుంచి రాలేదు, గోండు యువకులనే తీర్చిదిద్దారు. పిల్లవాడు మొదట తన ఇంటి భాషలో చదవడం, రాయడం నేర్చుకోవాలి, ఆ మెట్టు ఎక్కాక పాలనా భాషలోకి వెళ్లాలి. అక్కడ శిక్షణ పొందినవారిలో కొందరు ఊళ్లలో టీచర్లయ్యారు, కొందరు పట్వారీ పనుల్లోకి, అడవి ఆఫీసు కొలువుల్లోకి వెళ్లారు. రాసేవాడు మనవాడైతే ఏమవుతుందో గూడేలు మొదటిసారి చూశాయి.

1948 తర్వాత రాజ్యం మారింది, కొన్నాళ్లకు పథకమూ చేతులు మారింది. గోండి మెల్లగా బడి నుంచి జారిపోయింది. గోండి బోధన వద్దని ఎవరూ పెద్ద ఉత్తర్వు ఇవ్వనక్కరలేకపోయింది. పుస్తకాలు మళ్లీ అచ్చు కాకపోతే చాలు, కొత్త టీచరుకు భాష రాకపోతే చాలు. 1970లలో హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి గోండి బోధన మాసిపోయి ఉంది. దానికి ఆయన బాధపడ్డారు. మనకు ఆ బాధ కన్నా ముఖ్యమైనది, ఒకప్పుడు అది జరిగిందన్న సంగతి. గోండిలో చదువు చెప్పడం సాధ్యం కాదు అని ఎవరైనా అంటే, 1943లో కరెంటు లేని, రోడ్డు లేని మార్లవాయిలో చెప్పారని మనం జవాబివ్వవచ్చు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పైన చెప్పిన 350ఏ అధికరణం ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చి అమలు మొదలైందీ ఆ రోజే. మాతృభాషలో చదువుకునే హామీ, భాష పేరున రాష్ట్రం ఒకే పొద్దున వచ్చాయన్నమాట. తెలుగువాళ్లకు, మరాఠీలకు, కన్నడిగులకు భాషను బట్టి రాష్ట్రాలు దొరికాయి. గోండులకు దొరికింది విభజన. అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. ఉట్నూరు, ఆసిఫాబాద్ ఇటు ఉండిపోయాయి. పిల్లనిచ్చిపుచ్చుకునే సగాలు పెన్‌గంగకు అటూ ఇటూ ఉన్నాయి. అటు పుట్టిన పిల్ల మరాఠీ చదివింది, ఇటు పుట్టిన పిల్లవాడు తెలుగు చదివాడు. ఇంకా పైకి వెళ్తే మండ్లా, ఛింద్వాడా, బస్తర్ గోండుల పిల్లలకు హిందీ. ఒడిశాలో ఒడియా. కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చిన చుట్టాలు ఎదురెదురుగా కూర్చుంటే గోండిలో మాట్లాడుకుంటారు. ఊరికి పోయాక ఫోన్‌లో మెసేజ్ పెట్టాలంటే ఒకరు దేవనాగరిలో రాస్తారు, ఒకరు తెలుగు అక్షరాల్లో రాస్తారు. చదవలేక చివరికి ఫోన్ చేస్తారు, లేదా గొంతు రికార్డు చేసి పంపుతారు. మాట బతికే ఉంది, రాత మాత్రం నాలుగు ముక్కలైంది.

తెలుగుకు, గోండికి శత్రుత్వం ఏమీ లేదు. భాషా శాస్త్రజ్ఞులు తెలుగు, గోండి, కొండ, కువి భాషలను ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖలో పెడతారు. రెండు, మూడు, నాలుగు అని తెలుగు పిల్లవాడు లెక్కపెడితే రండ్, మూండ్, నాలుంగ్ అని గోండి పిల్లవాడు లెక్కపెడతాడు. మీన్, పాల్, కాల్ అనే మాటలకు అర్థం చెప్పాల్సిన పనే లేదు. అక్కచెల్లెళ్ల భాషలివి. కానీ అక్క భాష వచ్చినంత మాత్రాన చెల్లెలి భాష వచ్చినట్టు కాదు. గోండిలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగులో 'ఏరు' అంటే పారే వాగు. ఏరు దాటి వచ్చాడు అని టీచరు చదివితే ఒకటో తరగతి గోండి పిల్ల మనసులో ఏ బొమ్మ పడుతుంది? ఇలాంటి చోట పిల్ల తెల్లమొహం వేస్తే 'మొద్దు' అన్న పేరు పడుతుంది. అది ఒకసారి పడితే పదో తరగతి దాకా పోదు, అంతదాకా బడిలో ఉంటే. గోండిని తెలుగుకు యాస అనుకునే టీచరు కన్నా, అది వేరే భాష అని తెలిసి నాలుగు మాటలు నేర్చుకునే టీచరు ఆ పిల్లకు ఎంతో మేలు చేస్తాడు.

అలా నేర్చుకున్న తెలుగు మాస్టారు ఒకరు మన చరిత్రలో ఉన్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజున. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఆ రోజు అందరూ మాట్లాడతారు. పర్లాకిమిడిలో ఆయన సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్న సంగతి ఒక వాక్యంలో ముగుస్తుంది. ఆయన సవర వాచకాలు రాశారు, కథలు పాటలు సేకరించారు, సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. తెలుగును పండితుల చేతుల్లోంచి జనం నోటికి తెచ్చిన మనిషే సవర పిల్లవాడికి సవరలో చదువు కావాలన్నారు. మాకు ఈ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. మన బడుల్లో ఆగస్టు 29న సవర, గోండి, కోయ, కోలామీ పిల్లలు తమ భాషలో పది నిమిషాలు మాట్లాడితే గిడుగువారికి అంతకన్నా పెద్ద దండ అక్కరలేదు.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలుపెట్టింది. గోండి, కోయ, కోలామీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి, తెలుగు లిపిలో. మొదటి తరగతుల్లో ఇంటి భాష, మెల్లగా తెలుగు, తర్వాత ఇంగ్లీషు. మార్లవాయి పద్ధతే ఇది, అరవై ఏళ్ల తర్వాత. ఆ పుస్తకాల తయారీలో మన ఆదివాసీ టీచర్లు పనిచేశారు. తమ తాతల కథను అచ్చులో చూసుకున్న పిల్లల మొహాలు వాళ్లకు గుర్తే. కానీ ఆ పని నిలబడాలంటే పుస్తకం, టీచరు, శిక్షణ మూడూ ప్రతి ఏడూ ఉండాలి. ఒక్కటి తప్పినా మిగతా రెండూ బీరువాలోకి పోతాయి.

టీచరు సంగతి చట్టంతో ముడిపడింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో 3వ నంబరు జీవో వచ్చింది. స్థానికేతర టీచర్లు బడికి సరిగా రాకపోవడం దానికి ఒక కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది, నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటి నుంచి మన సంఘాల మాటంతా రిజర్వేషన్ చుట్టూ తిరుగుతోంది, అది సహజం. భాష వైపు నుంచి కూడా ఈ విషయాన్ని వాదించాలని మేము అనుకుంటున్నాం. గోండి గూడెం బడికి గోండి వచ్చిన టీచరు కావాలన్నది పిల్లవాడి అవసరం, ఉద్యోగం అడిగేవాడి అవసరం మాత్రమే కాదు. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ గూడెం భాష వచ్చినట్టు కాదని కూడా ఒప్పుకోవాలి. కోలాం గూడేనికి గోండి టీచరును పంపితే ఆ పిల్లలకు మనమూ పరభాషవాళ్లమే. 2011 లెక్కల్లో కోలామీ మాట్లాడేవారు లక్షా 28 వేల మంది. మన ప్రాంతంలో చాలామంది కోలాములకు గోండి వస్తుంది. ఎంతమంది గోండులకు కోలామీ వస్తుంది?

లిపి గురించి మన యువకుల్లో ఉత్సాహం ఎక్కువ. ఆ ఉత్సాహానికి కారణం ఉంది. నార్నూరు మండలం గుంజాల ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు దొరికాయి. వాటిని చదవగలిగిన పెద్దలు అప్పటికి కొద్దిమందే. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరాం 1918లో తయారుచేసిన ఇంకో గోండి లిపి అంతకు ముందు ఏడాదే ఎక్కింది. 'లిపి లేని భాష' అని ఎగతాళి చేసేవాడికి ఇక జవాబు చెప్పవచ్చు. అయితే ఆ ఎగతాళికి అసలు అర్థమే లేదు. హిందీ, మరాఠీ, నేపాలీ ఒకే దేవనాగరిలో నడుస్తున్నాయి. ఇంగ్లీషు రాసేది రోమన్ల అక్షరాల్లో. గుంజాల లిపి నేర్చుకుందాం, బోర్డుల మీద రాద్దాం, పిల్లలకు చూపిద్దాం. ఏ లిపి అసలైనది అన్న తగవు తేలేదాకా గోండిలో రాయడం మాత్రం ఆపవద్దు. తెలుగు అక్షరాల్లో రాసిన గోండి కథ కూడా గోండి కథే.

వేరే భాషలు నేర్చుకోవడం మన ఇంటికి కొత్త కాదు. భీం పేరుతో మనం చెప్పుకునే జల్, జంగల్, జమీన్ నినాదంలోని మాటలు గోండి మాటలు కావు. కికిరి వాయిస్తూ మన పేన్ల కథలు గోండిలో పాడే ప్రధానుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. సంతలో ఒక భాష, సావుకారితో ఒక భాష, పేన్ ముందు ఒక భాష మాట్లాడిన జనం మనం. పట్టా చదవడానికి, ఇంటర్ పాసు కావడానికి తెలుగు కావాలి. సైన్యంలో చేరడానికి, నాగపూర్‌లో పని దొరకడానికి హిందీ కావాలి. ఇంగ్లీషు సంగతి చెప్పక్కరలేదు. పిల్లలతో ఇంట్లో తెలుగే మాట్లాడుతున్న తల్లిదండ్రులు గోండి మీద చిన్నచూపుతో అలా చేయడం లేదు. పిల్లవాడు బడిలో వెనకబడతాడేమోనని భయపడుతున్నారు. ఆ భయం పోవాలంటే వాళ్లకు ఉపదేశం చేసి లాభం లేదు, బడి మారాలి.

జైపాల్ సింగ్ అడిగింది ఆదివాసీ భాషల్లో మొదట సంతాలీకి, బోడోకు దొరికింది, 2003లో, 92వ సవరణతో. బోడో మాట్లాడేవారు 2011లో 15 లక్షల లోపే, గోండిలో సగం. వాళ్ల వెనక దశాబ్దాల ఉద్యమం ఉంది. సంతాలీకి పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో చేసిన ఓల్ చికి లిపి, దానిలో అచ్చయిన పుస్తకాలు, నాటకాలు ఉన్నాయి. గోండిని చేర్చాలన్న మాట ఇంకా మాటగానే ఉంది. దేశంలో గోండు తెగవారు కోటికి పైనే, గోండి మాతృభాష అని రాయించినవారు ముప్పై లక్షల లోపు. ఈ తేడాలో చాలా భాగం ఉత్తరాన భాష నిజంగానే పోవడం వల్ల వచ్చింది. కొంత, అడిగినవాడు అడగకుండా తెలుగు, హిందీ, మరాఠీ అని రాసుకుపోవడం వల్ల కూడా రావచ్చు.

జనగణన ఫారంలో మాతృభాషకు ఒక గడి ఉంటుంది. తెలిసిన ఇతర భాషలకు దాని తర్వాత ఇంకో రెండు గడులుంటాయి. తెలుగు, హిందీ రాయడానికి ఆ రెండు గడులున్నాయి. ఇంటింటికీ వచ్చి వాటిని నింపేవారిలో ఎక్కువమంది ప్రభుత్వ బడుల టీచర్లే. అంటే ఈ పుస్తకం చదువుతున్నవారిలో చాలామంది.